చిన్నకోడలి తలనొప్పి మాత్ర

ఆ లాండ్రీ ఇస్త్రీ గదిలో తలనొప్పి రానివాళ్ళు లేరు. ఆవిరి, రోజంతా నిలువుకాళ్ళ పని, పైగా తెల్లదుప్పట్ల మీంచి కళ్ళలోకి కొట్టే దీపాలు. అందుకే కిటికీలో ఒక డబ్బా పెట్టుకున్నారు. ఎవరి మాత్రలైనా అందులోనే. ఎవరివని అడగడం అక్కడ మర్యాద కాదు.

ఆ వేళ పెద్దకోడలు పొద్దుటినుంచీ తల పట్టుకుని మూలుగుతూనే ఉంది. పక్కనే పనిచేస్తున్న తోడికోడలు, చిన్నది, విసిగిపోయి డబ్బాలోంచి తన మైగ్రేన్ మాత్ర తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"వేసుకో అక్కా. నీ మూలుగుకి నా తల కూడా పగిలేట్టుంది."

అక్క మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకుని కూలబడటం చిన్నకోడలు ఎన్నోసార్లు చూసింది. ఎవరికీ చెప్పనని అక్క ఒట్టు కూడా వేయించుకుంది. తెలిస్తే పని మాన్పిస్తారనీ, పొద్దస్తమానం మొగుడి సణుగుడు వింటూ ఇంట్లో పడి ఉండాలనీ ఆవిడ భయం. ఆ జబ్బుకీ ఈ మాత్రకీ పడదేమోనన్న ఆలోచనే చిన్నదానికి తట్టలేదు. అంత ఆలోచించే ఓపిక ఎవరికుంది గనక.

కాసేపటికే పెద్దకోడలి ఛాతీ బిగుసుకుపోయింది. ఆసుపత్రి మంచం మీద ముచ్చెమటలు పోస్తున్నా గ్యాసేనంటోంది.

"ఇంతకుముందు గుండెజబ్బేమైనా ఉందా? ఏం మందు వేసుకున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"జబ్బా, పాడా. మామూలు తలనొప్పి మాత్ర," అంటూ పెద్దకోడలు చిన్నదాని చెయ్యి గట్టిగా నొక్కింది. బావగారు పక్కనే నిలబడి వింటున్నాడు.

చిన్నకోడలు ఓసారి బావగారి వైపు చూసింది. చెబితే అక్క పని పోతుంది, మాత్ర ఇచ్చిన పాపం తన నెత్తికి చుట్టుకుంటుంది. చెప్పకపోతే అక్కే పోతుంది.

"మామూలుది కాదండీ, నా మైగ్రేన్ మాత్ర. నేనే ఇచ్చాను. అక్కకి మెట్లెక్కితే గుండెల్లో నొప్పొస్తుంది. చాన్నాళ్ళుగా ఉంది."

డాక్టరమ్మ మొహం మారింది. ఆ మాత్ర రక్తనాళాల్ని బిగిస్తుందనీ, మామూలువాళ్ళకి గుండెదాకా రావడం అరుదేననీ, గుండెజబ్బున్నవాళ్ళు మాత్రం ముట్టుకోకూడదనీ చెబుతూనే నర్సును కేకేసింది.

సాయంత్రానికి గండం గడిచింది. "ఇక పనీ లేదు, గినీ లేదు," అని తేల్చేసి బావగారు మందులు తేవడానికి వెళ్ళాడు. పెద్దకోడలు గోడవైపు తిరిగి పడుకుంది.

"తిట్టక్కా, పడతాను."

"తిట్టే ఓపిక కూడా లేదే. బతికించావు, బాగానే ఉంది. ఆ ఇంట్లో రేపటినుంచి రోజంతా ఎలా గడపాలో అది కూడా నువ్వే చెప్పు."

చిన్నకోడలు స్టూలు దగ్గరికి లాక్కుని అక్క కాళ్ళు పట్టసాగింది.