గళ్ల కాగితం మీద గీత

గ్లాసులో నీళ్లు. నీళ్ల మీద సన్నని వలయం.

అమ్మ దానికేసే చూస్తోంది. పెరట్లో, టార్పాలిన్ కింద, మడత మంచం మీద కూర్చుని... ఐదు నెలలుగా అదే చూపు.

"కదుల్తోంది, చూడు."

"లారీ వెళ్లిందమ్మా."

"లారీ కాదే. భూమి."

ఆ రోజు భూమి కదిలింది. నిజమే. పన్నెండు సెకన్లు. వంటింటి గోడ నాన్న మీద పడింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నాలుగో రోజు లేడు. ప్రాణం పోయేవేళకు నేను కింద మందుల కౌంటరు దగ్గర వరుసలో నిలబడి ఉన్నాను. పక్కనున్నది అమ్మ ఒక్కతే.

గోడ మళ్లీ కట్టించాం. ఇల్లు గట్టిదేనని ఇంజినీరు సంతకం పెట్టాడు. అమ్మ మాత్రం గడప తొక్కలేదు.

ఎండలున్నన్నాళ్లూ సరిపోయింది. ఇప్పుడు వానలు. నేల చెమ్మ అమ్మ ఛాతీకెక్కింది. దగ్గు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంకో పది రోజులు ఆ తడిలోనే ఉంచితే నా చేతుల్లో ఏమీ ఉండదు," అంది.

అన్నయ్య ఫోన్లో, "ఎత్తుకెళ్లి లోపల పడుకోబెట్టు," అన్నాడు. ఫోన్లో ఎన్నయినా చెప్తారు. ఎత్తుకెళ్లాను కూడా. గడప దగ్గర అమ్మ వేసిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. దించేశాను. బుజ్జగించాను, కసిరాను, ఒట్లు పెట్టాను — గోడకు చెప్పుకున్నట్టే.

అప్పుడు తట్టింది. భూమి కదలడం లేదని గీసి చూపిస్తే?

భూకంప లేఖిని. పేరే పెద్దది, కావలసినవి చిన్నవి. ఒక బరువు. దాన్ని వేలాడదీయడానికి స్ప్రింగు. ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట. నేల ఊగినా బరువు ఊగదు — ఆ తేడాకు తీగలో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ పిసరును గీతగా గీసేది ఒకటి.

తీగకు కొదవ లేదు. మోటార్లకు వైండింగ్ చేయడమే నా బతుకుదెరువు. వెంట్రుకలాంటి రాగి తీగ, నాలుగు వేల చుట్లు చుట్టాను.

బరువుకు, తలుపు కొట్టుకోకుండా నాన్న అడ్డం పెట్టే ఇనుప దిమ్మ.

స్ప్రింగు మాత్రం ఏడిపించింది. కుర్చీది బిరుసు. తలుపుది మరీ బిరుసు. బొమ్మలోది దిమ్మ తగిలించగానే సాగి చతికిలపడింది. చివరకు తుప్పు బాబాయ్ కొట్టుకు పోయాను. పాత ఇనుము కొనే మనిషి. ఊరు కూలాక ఆయన కొట్టు నిండింది. ఆ నిండడం ఆయనకే గిట్టదు.

కిటికీల గుట్ట. మంచాల గుట్ట. పగిలిన లౌడ్‌స్పీకర్లో అయస్కాంతం దొరికింది. స్ప్రింగు ఒక ఉయ్యాలకు ఉంది — పసిపిల్లల ఉయ్యాల. ఎవరిదని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"దేనికే ఇవన్నీ?"

"భూమి నాడి చూద్దామని, బాబాయ్."

"ఓసి పిచ్చిదానా! మనుషుల నాడే అందక చస్తుంటే..." అని నవ్వబోయి, ఆగి, లోపలి నుంచి దుమ్ము కొట్టుకుపోయిన పెట్టె ఒకటి తెచ్చాడు. పాత ఈసీజీ మిషన్. ఏదో ఆసుపత్రి పారేసింది. "నాడి గీసేది ఇదే. పట్టుకుపో."

వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను. గుండెలో పుట్టే కాస్త కరెంటునే పట్టుకుంటుంది కదా, నా పిసరు దానికొక లెక్కా? గులాబీ రంగు గళ్ల కాగితం చుట్ట కూడా అందులోనే ఉంది.

ఆ సంబరం తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అన్నీ కూర్చి, పెరటి గడప లోపలి గదిలో నేలకు బిగించాను. మీట నొక్కాను.

సూది వణికింది.

ఆగుతుందని చూశాను. వీధిలో బండి లేదు, మనిషి లేడు. ఊపిరి బిగబట్టాను. వణుకుతూనే ఉంది... సన్నగా, నింపాదిగా. ఎక్కడి సముద్రమో, ఎక్కడి గాలో నేలను కదుపుతున్నట్టు.

భూమి ఎన్నడూ ఆగదు.

ఐదు నెలలుగా అమ్మ చెబుతున్నది అదే. ఇంత తిరిగి, ఇంత ఏరి నేను కనిపెట్టిందీ అదే.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తీగ కొసలు రెండూ మిషన్ నుంచి తీసి ఒకదానికొకటి అతికించేశాను.

సూది ఆగింది. గీత తిన్నగా సాగింది.

మూరెడు కాగితం చించి, పరుగున వెళ్లి అమ్మ చేతిలో పెట్టాను.

"చూడమ్మా. ఇదీ భూమి. ఇసుమంత కూడా కదలట్లేదు. ఇంక లోపలికి రా."

అమ్మ చూసింది. గళ్ల మీద వేలితో రాసింది.

"ఇదే ఇచ్చారు," అంది.

"ఏంటమ్మా?"

"మీ నాన్న ఛాతీకి తీగలు పెట్టి, ఇలాగే చించి చేతికిచ్చారు. నేనేమో... గీత తిన్నగా ఉంది, బాగున్నట్టే కదండీ, అని అడిగాను."

ఈ సంగతి ఐదు నెలల్లో ఒక్కసారీ చెప్పలేదు. నేనూ ఒక్కసారీ అడగలేదు.

టార్పాలిన్ అంచు నుంచి కాగితం మీద చినుకు పడింది. అమ్మ వంగి, తడి నేల మీద అరచెయ్యి ఆనించింది.

"ఇదీ పోయిందా?"

"లేదమ్మా! నేనే... నేనే తీగలు కలిపేశాను. అబద్ధమమ్మా అది!"

లోపలికి ఉరికాను. కొసలు విడదీసి, ఎక్కడివక్కడ తగిలించాను. సూది వణికింది.

"బతికే ఉందమ్మా!" అరిచాను. "కదుల్తోంది!"

పెరట్లో దగ్గు. తర్వాత దగ్గు కూడా లేదు.

సూది ఎగిరింది. ఆగి, మళ్లీ ఎగిరింది. మంచం దిగింది అమ్మ. నేను తల తిప్పలేదు, కాగితమే చూస్తున్నాను. ఒక్కో అడుగుకు ఒక్కో ముల్లు... ప్రతిదీ ముందుదానికన్నా పొడుగు.

ఏడు. ఎనిమిది. తొమ్మిది.

మంచం నుంచి గడప దాకా తొమ్మిదే. అమ్మను ఎత్తుకొచ్చిన రోజు నా అడుగుల్లో ఆ లెక్క తెలిసింది.

గడప దాటే పదోది రాలేదు. కాగితం చుట్ట అయిపోవస్తోంది.

"కదుల్తోందా?"

"కదుల్తోందమ్మా."

తల తిప్పి చూశాను. గడపకు అవతలే అమ్మ, వానలో. రెండు చేతుల మధ్య గ్లాసు. గ్లాసులో నీళ్లు.

నీళ్ల మీద సన్నని వలయం...