పావు తిప్పు

గ్రంథాలయం ముందు ‘జీర్ణోద్ధరణ పనులు’ అని బోర్డు పెట్టించి, ఇంజనీరుగారు కూల్చే యంత్రాన్ని పిలిపించారు. చదువుకునే గదిలో నడిమి దూలం కుంగి, పదకొండేళ్లుగా తలుపు మూసుకోవడం లేదు. ఆయన దృష్టిలో ఆ గదికి నూకలు చెల్లిపోయాయి.

ఆయన మరదలు వడ్రంగి. అక్షరాలు కూడబలుక్కున్నది ఆ గదిలోనే. బోర్డు చూడగానే ఒళ్లు మండి, లోపలి నుంచి నిఘంటువు తెచ్చి బావ బల్ల మీద పరిచింది.

“జీర్ణం అంటే అరిగి శిథిలమైంది. ఉద్ధరణ అంటే పైకెత్తడం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట బావా. ఇందులో కూల్చడం ఎక్కడుందో చూపించు.”

“అయితే నువ్వు ఉద్ధరిస్తావా?” అన్నాడు బావ. ఇంట్లో పాలు పొంగినా, కూర మాడినా ఆయన ఎత్తిపొడుపు అదే.

“ఎత్తుతాను. పన్నెండు రోజులివ్వు.”

ఇచ్చాడు. అప్పటికి తలుపు మూసుకోకపోతే పదమూడో రోజు యంత్రం లోపలికి వస్తుంది.

దూలం కింద నాలుగు జాకీలు నిలబెట్టింది. పొద్దున్నే ఒక్కోదానికి పావు తిప్పు, అంతే. ఏళ్ల తరబడి కుంగిన కర్రకి లేవడానికీ వ్యవధి కావాలి. ఆ తర్వాత నిచ్చెనెక్కి, కర్ర చిట్లుతోందేమోనని దూలానికి చెవి ఆనించి వింటూ కూర్చునేది. చూడవచ్చినవాళ్లు ఈగలు తోలుకుంటోందని నవ్వుకున్నారు.

తొమ్మిదో రోజు బావ ఉండబట్టలేక ఒక జాకీని నిండా తిప్పాడు. దూలం ఫెళ్లుమని జానెడు చీలింది. ఆమె పరుగున వచ్చి, ఆ తిప్పును వెనక్కి తీసి, చీలికకు ఇనుప పట్టీ బిగించింది. రెండు రోజులు జాకీల జోలికి పోలేదు. గది చేజారిపోయిందనే అనుకుంది.

పన్నెండో రోజు చివరి పావు తిప్పి, తలుపును వేలితో తోసింది. అది నేలను గీరకుండా వెళ్లి గుమ్మంలో కుదురుగా కూర్చుంది. గడియ పెట్టి చూసింది. పడింది. ఆనందం పట్టలేక ఒక్కతే పకపకా నవ్వింది.

బయట బావ తలుపు తోశాడు. కదల్లేదు. భుజం ఆనించాడు. కదల్లేదు. చివరికి పరాయి ఇంటికి వచ్చినట్టు మెల్లగా తట్టాడు.

“ఎవరూ?” అంది.

“నేనేనమ్మా. ఉద్ధరించావు, ఒప్పుకున్నాను. తలుపు తియ్యి.”

“ముందు దాన్ని పంపించెయ్ బావా.”

యంత్రం చప్పుడు వీధి మలుపు దాటి వినబడకుండా పోయాకే, తీరిగ్గా గడియ తీసింది.