మోచేతి కింద చేయి

శిక్షణ ఇచ్చే నర్సు ఒంటికాలి మీద లేచిందంటే ఆ ఆసుపత్రిలో డాక్టర్లు కూడా పక్కకి తప్పుకుంటారు. అందరూ ఆమెని టీచరమ్మ అంటారు, కాస్త భయంగా, కాస్త ముద్దుగా. ముసలివాళ్ళ చర్మం ఉల్లిపొర లాంటిదనీ, అది చిరగకుండా ఎలా చూసుకోవాలో, చిరిగితే ఏం చెయ్యాలో అన్ని వార్డుల వాళ్ళకీ ఏళ్ళ తరబడి నేర్పుతోంది. అలాంటావిడ సొంత తండ్రి తుంటి ఎముక విరిగి అక్కడే వృద్ధుల వార్డులో చేరాడు. చేరాక ఆయన ముంజేతుల మీద ఒకటి మానేలోపు ఇంకొకటి, అన్నీ చిరుగులే. ఇక ఆమె ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. చిరుగులన్నీ ఆయా పొద్దున స్నానం చేయించేటప్పుడే బయటపడుతున్నాయి, కాబట్టి చేసింది ఆయాయేనని తేల్చేసింది. మేట్రన్ గదికి వెళ్ళి తాడో పేడో తేల్చుకుంటానంది.

"గిన్నెలు తోమినట్టు తోముతోంది మా నాన్నని. ఆమె ఉండాలో నేనుండాలో మీరే చెప్పండి."

ఆయా లబోదిబోమంది. "నేను ముట్టుకోకముందే చొక్కా చేతికి రక్తం అంటుకుని ఉంటోందమ్మా," అంటే వినేదెవరు? పెద్దాయన్ని అడిగితే "ఏమో, ఎక్కడో తగిలుంటుంది" అని గోడకేసి చూశాడు. పాపం, ఆయాకి భయపడి చెప్పట్లేదనుకుంది కూతురు. వచ్చే వారం నుంచి పనిలోకి రావద్దని మేట్రన్ ఆయాకి చెప్పేసింది. ఆ జీతంతోనే పిల్లల్ని నెట్టుకొస్తున్న మనిషి, ఆ మాట విని మెట్ల మీదే కూలబడింది.

ఈలోగా వార్డులో శిక్షణ తరగతి వచ్చింది. మంచాలు ఓ పక్కకి జరిపి కుర్చీలు వేశారు. ముందు వరసలో మేట్రన్, వెనక నర్సులు, ఆఖర్న ముఖం గంటు పెట్టుకుని ఆయా. లేపడం చూపించడానికి టీచరమ్మ తన తండ్రినే తెచ్చి కూర్చోబెట్టింది. పెద్దాయన నున్నగా తల దువ్వుకుని పెళ్ళికొడుకులా తయారయ్యాడు.

"ఉంగరాలు, గడియారాలు తీసెయ్యాలి. గోళ్ళు పెంచే షోకుంటే సెలవుల్లో పెంచుకోండి," అందామె. నర్సులు నవ్వారు. "పొద్దునా సాయంత్రం క్రీము రాయాలి, రుద్దకుండా. పొడుగు చేతుల చొక్కా వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, లేపడం. ముంజేతిని గుప్పిట్లో పట్టి లాగారో, చర్మం మీ చేతిలోకి వచ్చేస్తుంది. అరచెయ్యి విప్పి మోచేతి కింద పెట్టాలి. మనం లాగకూడదు, వాళ్ళు మన మీద ఆనుకోవాలి. చూడండి."

పెద్దాయన ఆమె చేతి మీద ఆనుకుని లేచాడు. బాగానే లేచాడు. అందరూ చూస్తున్నారన్న హుషారులో "చూశారా మా అమ్మాయిని!" అంటూ నర్సుల వైపు తిరగబోయాడు. కాలు మడతపడింది.

"నాన్నా!"

టీచరమ్మ రెండు చేతులతో ఆయన ముంజేతిని ఒడిసి పట్టి, లాగి, కుర్చీలో పడేసింది. ఆయన కింద పడలేదు. కానీ ఆమె వేళ్ళ కింద చొక్కా చెయ్యి ఎర్రబడుతూ వచ్చింది.

ఆమె ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచింది. సరిగ్గా తన వేళ్ళు పడ్డ చోట, పాత చిరుగుల పక్కనే, చర్మం ఊడి ముడుచుకుపోయి ఉంది. రోజూ సాయంత్రం వరండాలో నడిపించడానికి ఆయన్ని మంచం మీంచి లేపేది తనే. ఎలా లేపుతోందో ఒక్కనాడూ చూసుకోలేదు. రోగుల దగ్గర చేతులకి చదువు గుర్తుండేది, నాన్న దగ్గర తొందర తప్ప ఏమీ గుర్తుండేది కాదు.

"గురివింద గింజ..." అని వెనక ఎవరో అనబోయి మింగేశారు.

"చూస్తారేం? సెలైన్ తెండి, గోరువెచ్చగా," అంది టీచరమ్మ. ఆయన చెయ్యి ఎత్తి పట్టి, రక్తం ఆగేదాకా గాజుగుడ్డతో అదిమింది. కడిగింది. తడి దూదితో ఊడిన చర్మాన్ని నెమ్మదిగా దాని చోటికి జరిపింది. "కత్తిరించి పారెయ్యకూడదు. అది ఆయన చర్మం, ఆయనకే దక్కాలి," అని ఏడుస్తూనే పాఠం చెప్పింది. అంటుకోని మెత్తటి పట్టీ వేసి దాని మీద పెన్నుతో బాణం గీసింది. "తీసేటప్పుడు ఈ వైపే తియ్యాలి. ఎదురు తీస్తే అతుక్కున్నదీ ఊడొస్తుంది."

అప్పుడు మేట్రన్ వైపు తిరిగింది. "పాత గాయాలూ నేను చేసినవే మేడమ్. ఆయా తప్పు ఇసుమంతైనా లేదు. ఆమెని పంపించొద్దు."

"పంపను," అంది మేట్రన్.

"వార్డంతా నన్ను రాక్షసిని చూసినట్టు చూసిందమ్మా," అంది ఆయా కళ్ళు తుడుచుకుంటూ.

"నాదే తప్పు. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అమ్మో, మీరు పట్టుకుంటే నా కాళ్ళు మిగులుతాయా?"

అందరూ ఘొల్లుమన్నారు. టీచరమ్మ కూడా ఏడుపులోనే నవ్వింది. ఆయా మాత్రం నవ్వలేదు. ఆమె కోపం చల్లారడానికి ఇంకా టైం పడుతుంది, పట్టనివ్వండి.

జనం వెళ్ళాక కూతురు తండ్రి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "నువ్వైనా చెప్పొచ్చుగా నాన్నా! ఆమె కడుపు కొడుతుంటే నోరు కుట్టేసుకున్నావా?"

"ఉద్యోగం దాకా పోయిందని నాకు తెలీదు తల్లీ. తప్పే," అన్నాడాయన. పట్టీ మీది బాణాన్ని వేలితో తడిమి, "చెబితే నువ్వు నన్ను పట్టుకోవడం మానేస్తావు. ఇక్కడ అందరూ నన్ను గాజు సామాను ముట్టుకున్నట్టు ముట్టుకుంటారు. నువ్వొక్కదానివే మనిషిని పట్టుకున్నట్టు పట్టుకుంటావు," అన్నాడు.

అలా ముట్టుకోవడం ఆ ఆసుపత్రి మొత్తానికి నేర్పింది తనే. ఆయన చెయ్యి అందుకోబోయి, భయం వేసి మధ్యలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత తన తెల్లకోటు చెయ్యి పైకి మడిచి, ఆ చేతిని ఆయన ఒళ్ళో పెట్టింది.

"నువ్వు పట్టుకో నాన్నా. నా చర్మం ఊడదులే."

ముందు వేళ్ళతో తడిమాడు. తర్వాత గుప్పిట బిగించాడు. జీవితమంతా లారీ ఇంజన్లు విప్పిన చెయ్యి, ముసలిదైనా పట్టు పోలేదు. ఆమెకి ఎముక దాకా నొప్పి పుట్టింది.

"ఇంకాస్త గట్టిగా," అంది.