తడి నేల మీద మంట

చచ్చిపోయినవాడి మీద కేసు పెట్టారు. అదీ పెళ్లాం కళ్లముందే. కాలిన కొండవాలు మీద ఆ మనిషి ఇంకా బోర్లా పడి ఉన్నాడు. పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు ఫారెస్టు రేంజరు. గుడ్డ కప్పనివ్వమని ఆమె కాళ్లావేళ్లా పడింది. వద్దన్నాడు. "అందరూ వచ్చి చూడనీ. గడ్డికి నిప్పు పెడితే ఏమవుతుందో తెలియాలిగా."

పోయినవాణ్ణి అందరూ పొడుగోడు అనేవారు. అతని పెళ్లాం చిన్నాపెద్దా అందరికీ వదిన. కొండ కింద ఉన్న గుడిసెలన్నీ గొడ్లను మేపుకుని, పాలు పోసుకుని బతికేవే.

ఆ కొండకి నిప్పు పెట్టడం వాళ్లకి కొత్త కాదు. తొలి వానకి నేల తడిసి, పైన ఎండు గడ్డి మాత్రం మళ్లీ ఆరిన పూట ఊరంతా కదిలేది. పచ్చి కొమ్మలు పట్టుకుని చుట్టూ నిలబడి, మంట అంచు దాటకుండా కొట్టేవారు. మంట పైపైనే పరుగెత్తిపోయేది. తడి మట్టిలో ఉన్న వేళ్లకి సెగ తగిలేది కాదు. ముసలి గడ్డి పోయి మొదళ్లకి ఎండ తగిలితే చాలు, బూడిదలోంచి కొత్త పిలకలు తోసుకొచ్చేవి. గొడ్లు తల ఎత్తకుండా మేసేవి.

నిప్పు పెడితే జైలే అన్నారు అటవీ శాఖవాళ్లు. సర్కారుతో మనకెందుకని జనం నోరు మూసుకున్నారు. అక్కడే దెబ్బ తిన్నారు. ఏటికేడు ఎండు గడ్డి పరుపులా పేరుకుపోయి, కింద పిలకలకి వెలుతురు లేకుండా పోయింది. గొడ్ల డొక్కలు లోపలికి పోయాయి. అప్పుడు దిగాడు కంట్రాక్టరు. ఇది గడ్డి మొలవని బంజరట, కాగితం మిల్లు కోసం చెట్లు నాటుతాడట. కొండ పక్కనే నారు కూడా పోసేశాడు. ఈ వానల్లో కొండ పచ్చబడకపోతే అది అతని చేతికే పోతుంది. గొంతు నొక్కినవాళ్లే వచ్చి ఊపిరాడటం లేదని చెప్పడమంటే ఇదే కదా.

వాన పడితే గార్డులు కొండ మీదే మకాం వేస్తారని పొడుగోడు ఆగలేకపోయాడు. ఎవరికీ చెప్పకుండా వెళ్లి పొడి నేల మీదే అంటించాడు. పేరుకున్న గడ్డి లోలోపల రగిలింది, గాలి తిరిగింది. అంచు కొట్టడానికి పక్కన ఒక్క మనిషి లేడు.

తొలి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే పాలు కొలిచే షెడ్డులో జనం చేరారు. గొడ్లు అమ్మేద్దామని కొందరు, అమ్మితే పిల్లలకి ఏం పెడతామని కొందరు. కంట్రాక్టరు దగ్గర కూలికి పోవడమే దారి అన్నాడు పొడుగోడి తమ్ముడు, వదినకి మరిది.

"అన్న పోయాడు వదినా. ఇంకెంతమంది పోవాలి?"

వదిన అంది: "మీ అన్న నిప్పు వల్ల పోలేదయ్యా. ఒక్కడే వెళ్లడం వల్ల పోయాడు. నాక్కూడా చెప్పలేదు. చెబితే నేనూ వస్తానంటానని."

ముందు లేచింది పొడుగోడి తల్లి. షెడ్డు వెనక వేపచెట్టు కొమ్మ విరిచి కొడుకు కాలిపోయిన కొండ వైపు నడిచింది. ముసల్దాన్ని ఒంటరిగా పోనిస్తామా అని ఒకరి వెనక ఒకరు కదిలారు.

కొండ మీద కాలకుండా మిగిలిన గడ్డి చుట్టూ అందరూ సర్దుకుని, ఎండకి పైన ఆరాక, గార్డులు చూస్తుండగానే వదిన అంటించింది. రేంజరు ఆమెను పట్టుకోమన్నాడు. ఇద్దరు గార్డులు చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు మరిది తాపీగా అన్నాడు.

"తీసుకెళ్లండి సార్. ఈ అంచు ఆమెది. ఆమె కొమ్మ మీరు పట్టుకోండి. పక్కనే కంట్రాక్టరు నారు ఉంది మరి."

గార్డులు మంట వైపు చూశారు, నారు వైపు చూశారు, చెయ్యి వదిలేశారు. మంట దగ్గరకొచ్చేసరికి అందులో ఒకడు లాఠీ పారేసి తనే కొమ్మ విరుచుకున్నాడు. పాపం, వాడింట్లోనూ పాలు తాగే పిల్లలున్నారేమో.

మంట ఆరింది. ఆమె బూడిద తప్పించి మట్టిలో వేలు గుచ్చింది. చల్లగా ఉంది. ఆ తర్వాత లాఠీలు లేచాయి. మరిది చెయ్యి విరిగింది. వ్యానులో పట్టినంతమందిని ఎక్కించారు, పట్టనివాళ్లు వెనకాలే నడిచారు.

కొన్నాళ్లకి జైలు ఊచల అవతల అత్త నిలబడింది.

"పచ్చబడిందా అత్తా?"

"కొండంతా. కంట్రాక్టరు నారు పీక్కుని అవతలి కొండకి పోయాడు."

"ఆయన పడ్డ చోట?"

అత్త తల అడ్డంగా ఊపింది. వేళ్లదాకా కాలిన నేల అది. ఊచలు పట్టుకుని ఆమె గుండెలు పగిలేలా ఏడ్చింది. ముసలావిడ కూడా ఏడ్చింది. చివరికి కొంగుతో కళ్లు తుడుచుకుని, అవతలి కొండవాళ్లు వచ్చారని, తమకీ అంటించడం నేర్పమంటున్నారని చెప్పింది.

"నేల తడిశాకే అంటించమను," అంది ఆమె. "ఒక్కణ్ణి మాత్రం పంపొద్దను."