ఒక్క రింగు

కూతురు స్పీడుబోటులో పనికి కుదిరిన రోజు నుంచి ఆ తల్లి ప్రాణమంతా ఫోనులోనే ఉంది. జెట్టీ రోడ్డులో వాళ్ళాయనకు క్షవరం షాపు. షాపు వెనక గదిలో ఆమె బోటు ప్రయాణికుల తువ్వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేసేది. చేతులు తువ్వాళ్ళ మీద, చెవులు ఫోను మీద. బోటు ఒక్కో ద్వీపం చేరగానే కూతురు ఒక్క రింగిచ్చి కట్ చేయాలి. అదీ తల్లీకూతుళ్ళ ఒప్పందం. మూడు ద్వీపాలకు మూడు మిస్డ్ కాల్స్. మాటలక్కర్లేదు. రింగు మోగిందంటే పిల్ల బతికున్నట్టు.

వాళ్ళాయన ఆమెకు పెట్టిన పేరు వాతావరణ శాఖ. "ఏమంటోంది మా వాతావరణ శాఖ? ఇవాళైనా తుఫాను లేదా?" అని గిరాకీల గడ్డాలకు నురగ పూస్తూ అడిగేవాడు. గిరాకీలు నవ్వేవాళ్ళు. ఆమెకు ఒళ్ళు మండేది.

"నవ్వండి, నవ్వండి. కన్నకడుపు నాది, మీదా?" అనేది.

ఇన్నాళ్ళూ కూతురి పని తాడు విసరడం, లంగరు వేయడం, ప్రయాణికులకు లైఫ్ జాకెట్లు బిగించడం. ఆరోజు మాత్రం స్టీరింగు ఆమె చేతికి రాబోతోంది. ఆరుగురు ప్రయాణికులు, పక్కన ఓనరు. మూడు ద్వీపాలూ సవ్యంగా తిప్పి తీసుకొస్తే కొత్త బోటు ఆమెకే ఇస్తానన్నాడు. లేదంటే మళ్ళీ తాడు దగ్గరికే. ఈ సంగతి రోడ్డంతా తెలుసు.

పొద్దున్నే తల్లి కూతురి ఫోను లాక్కుని ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. మనసొప్పలేదు. ఇంకో సంచిలో దూర్చింది, దాని మీద మరోటి చుట్టింది, తువ్వాళ్ళ మూటలు కట్టే దారంతో అడ్డంగా నిలువుగా బిగించి ముడి మీద ముడి వేసింది.

"అమ్మా, అది ఫోనా, పార్సిలా?"

"ఉప్పునీళ్ళు తగిలితే చచ్చి ఊరుకుంటుంది. నీకేం తెలుసు?"

"ఇలా కడితే తీసేదెలా?"

"పళ్ళున్నాయిగా, కొరుకు. రింగివ్వడం మరిచిపోయావో..."

"ఓనరు పక్కనే ఉంటాడే అమ్మా. ఇవాళొక్కరోజు వదిలెయ్యి, నీకు పుణ్యముంటుంది."

"రింగిస్తే నీ సొమ్మేం పోతుంది?"

కూతురు ఆ పార్సిలును జేబులో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మొదటి ద్వీపం చేరే వేళ దాటింది. ఫోను మోగలేదు. ఛార్జింగుంది, సిగ్నలుంది. తనే చేసింది. అవతల మోగుతోంది, ఎత్తే దిక్కులేదు.

"ఏమండీ, పిల్ల..."

"నడుపుతోందే! స్టీరింగు వదిలేసి నీతో కబుర్లాడమంటావా?" వాళ్ళాయన గిరాకీ గొంతు మీద కత్తి ఆపకుండానే అన్నాడు.

రెండో ద్వీపం వేళా దాటింది. బోటు బోల్తాపడ్డట్టు, తాను మడతపెట్టిన తెల్లతువ్వాళ్ళు నీళ్ళ మీద విచ్చుకుని తేలుతున్నట్టు ఆమె కళ్ళకు కట్టింది. ఇస్త్రీపెట్టె కింద తువ్వాలు మాడుతున్నా వాసన తెలియలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రేవు కాపలా గదికి పరిగెత్తింది.

"బాబూ, మా పిల్ల బోటు మునిగిపోతోంది!"

కాపలా అధికారి లేచి నిలబడ్డాడు. "ఎవరు చెప్పారమ్మా?"

రింగు రాలేదని చెబితే ఇతనూ నవ్వుతాడు. షాపులో గిరాకీల్లాగే నవ్వుతాడు. "మా అమ్మాయే ఫోన్ చేసింది," అనేసింది. "నీళ్ళొచ్చేస్తున్నాయమ్మా అంది. అంతలో కట్టయిపోయింది."

అధికారి రేడియోలో పిలిచి చూశాడు. కొండ చాటున ఉన్న బోటు పలకలేదు. రక్షణ బోటు సైరను మోగించుకుంటూ బయల్దేరింది.

అది చేరేసరికి ప్రయాణికులు మూడో ద్వీపం పక్కన ఈత కొడుతున్నారు. సైరను ఎందుకో తెలియక ఒకావిడ కెవ్వుమంది. ఒక పెద్దాయన కంగారుగా నిచ్చెనెక్కబోయి జారి మోకాలు చీరుకున్నాడు. కూతురు అందర్నీ పైకి చేర్చి, బోటును వెనక్కి తిప్పింది. నీళ్ళ మీద గీత గీసినట్టు వచ్చి, జెట్టీకి చిన్న దెబ్బైనా తగలకుండా ఆనించింది. తన పిల్ల అంత చక్కగా నడుపుతుందని తల్లికి అప్పుడే తెలిసింది.

"నీళ్ళొస్తున్నాయని ఇంటికి ఫోన్ చేశావా?" ఓనరు అడిగాడు.

కూతురు జేబులోంచి పార్సిలు తీసింది. ముడులు ఊడలేదు. దారం మీద పంటి గాట్లున్నాయి. "దీంతోనా సార్?"

అందరూ తల్లి వైపు చూశారు. ఆమె చెప్పుల్లేని తన కాళ్ళవైపు చూసుకుంది.

"నీ పనిలో వంక పెట్టలేనమ్మాయ్," అన్నాడు ఓనరు. "కానీ ఇంట్లో సైరనున్న మనిషికి బోటెలా అప్పగించను? కొన్నాళ్ళు ఒడ్డున ఉండు."

కొత్త బోటు వేరేవాళ్ళకు పోయింది. కూతురికి తాడు కూడా దక్కలేదు. టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టారు. అది షాపుకు సరిగ్గా ఎదురుగా. తల్లి గుమ్మంలోకొస్తే చాలు, అద్దం వెనక కూతురి తల కనిపిస్తుంది. తడవదు, మునగదు, ఎక్కడికీ పోదు. వాళ్ళాయన మాత్రం ఆ తరవాత ఎప్పుడూ ఆమెను వాతావరణ శాఖ అనలేదు. గిరాకీలు కదిలించినా మాట మార్చేసేవాడు.

పనిలో కూర్చున్న మొదటిరోజే, బోటు తొలి ద్వీపం చేరే వేళకు తల్లి ఫోను మోగింది. ఒక్క రింగు, కట్. కూతురి నంబరే. ఇస్త్రీ వదిలేసి బయటికొచ్చింది. రోడ్డవతల కూతురు తల వంచుకుని టిక్కెట్లు చింపుతోంది. రెండో ద్వీపం వేళకు ఇంకో రింగు. తరవాత మూడోది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఉండబట్టలేక ఒకరోజు రోడ్డు దాటింది. "ఎందుకే నన్నిలా చంపుతావు? కళ్ళెదురుగానే ఉన్నావుగా!"

"బతికే ఉన్నానని నీకు తెలియాలిగా."

"మానెయ్యవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒప్పందం ఒప్పందమేనమ్మా. కాస్త పక్కకి జరుగు, వెనక జనం ఆగారు."

ఇప్పుడు ఆ వేళ దగ్గరపడితే ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఫోను వైపు చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంటుంది. రింగొస్తుందేమోనని భయం. ఒక్కోరోజు క్షణం ఆలస్యమైతే మాత్రం, చెప్పులు వెతుక్కోకుండానే గుమ్మంలోకి పరిగెడుతుంది.