పెళ్ళికొడుకు తరఫు గణపతిగారు

దోహాలో ఏసీలు బాగుచేసే నాగదుర్గాప్రసాద్‌కి ఆ శుక్రవారం పొద్దున్న నిశ్చితార్థం. ఊరెళ్ళడానికి సెలవు దొరకలేదు. అందుకని మామిడికుదురులో పెళ్ళికూతురింట్లో అతని తల్లి ఉమాదేవి ఫోన్ని కుర్చీలో బిందెకి ఆనించి వీడియో కాల్ పెట్టింది. ఇక్కడ దోహాలో ప్రసాద్ పైన పట్టుచొక్కా, కింద లుంగీతో మంచం మీద బుద్ధిగా కూర్చున్నాడు.

కూర్చున్నాడే గాని లోపల బెంగ. ఎప్పుడో హైదరాబాదులో ఉండగా క్రెడిట్ కార్డు తీసుకుని ఎడాపెడా గీకేశాడు. ఉద్యోగం పోయింది, బాకీ మిగిలింది. గల్ఫ్ వచ్చి సిమ్ము మార్చేసరికి ఆ పీడ వదిలిందనుకున్నాడు. నెల కిందట గణపతి అనే రికవరీ ఏజెంటు వాట్సాప్‌లో పట్టుకున్నాడు. రాజోలు మనిషి కావడంతో బెదిరింపు కూడా మర్యాదగానే ఉండేది.

"ఏవనుకోకండి ప్రసాద్‌గారూ. మీరు కట్టకపోతే నేను మీ ఇంటికెళ్ళాల్సొస్తాదండి. నాకూ మొహమాటవేనండి, ఆయ్."

ప్రసాద్ ఆ నంబరు బ్లాక్ చేసేశాడు.

ఇప్పుడు ఫోన్లో సన్నాయి మోగుతోంది. పెళ్ళికూతురు నిఖిత ఆకుపచ్చ చీరలో మెరిసిపోతోంది. ఆమె వెనకాల వరండాలో ఒకాయన ఇడ్లీ తింటున్నాడు. ఆ గుబురు మీసం, ఆ కళ్ళజోడు వాట్సాప్ ఫొటోలో చూసినవే. గణపతి!

ప్రసాద్ ఫోను మీదికి వంగి మళ్ళీ చూశాడు. ఆయనే.

అంతలో పంతులుగారు, "ముహూర్తం దాటిపోతోంది. తాంబూలాలు పుచ్చుకోడానికి మగపెళ్ళివారి పెద్దెవరండీ?" అని కేకేశారు. ప్రసాద్‌కి తండ్రి లేడు. మేనమామ ఎక్కిన బస్సు ఇంకా జొన్నాడ దాటలేదు. నిఖిత తండ్రి మాణిక్యాలరావు చటుక్కున గణపతి చెయ్యి పట్టుకున్నాడు.

"ఈయనున్నారు కదండీ! గుమ్మంలోనే చెప్పేరు, ప్రసాద్‌గారి తాలూకని. రండి అన్నయ్యగారూ!"

ఆయన ఆడపిల్లవారి చుట్టమనీ, వాళ్ళ పద్ధతి ఇంతేననీ ఉమాదేవి అనుకుంది. గణపతి నోరు తెరిచేలోగా పీటమీద కూర్చోబెట్టేశారు.

"ఆయన మావాడు కాదు! అమ్మా! ఆపండి!" అని ప్రసాద్ మంచం మీద లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు. సన్నాయి హోరులో ఎవరికి వినపడుతుంది?

"అల్లుడుగారికి ఎంత హుషారో చూడండి!" అంది ఒక పెద్దావిడ. అందరూ అతనికి తిరిగి చేతులూపారు. పళ్ళెం గణపతి చేతుల్లోకి వచ్చేసింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. అక్షింతలు పడ్డాయి.

ఆ ఊపుడు హుషారు కాదని కనిపెట్టింది నిఖిత ఒక్కతే. ఫోను తీసుకుని పెరట్లో కొబ్బరిచెట్ల కిందికెళ్ళింది. ప్రసాద్ గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. సంబంధం పోయిందనుకుని కళ్ళు మూసుకున్నాడు. మెల్లిగా ఒక కన్ను తెరిచి చూశాడు. నిఖిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చెట్టుకి చేరబడి, ఊపిరాడకుండా నవ్వుతోంది.

"అయితే మన తాంబూలాలు పుచ్చుకున్నది అప్పులాయనా!"

ఆమె అమలాపురంలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తుంది. కళ్ళు తుడుచుకుని గణపతిని పెరట్లోకి పిలిచింది.

"ఏవండీ, శుభకార్యంలోకి వసూలుకొస్తారా?"

"పి.గన్నవరంలో ప్రసాద్‌గారింటికి తాళం వేసుందండి. ఇక్కడున్నారని పక్కింటోళ్ళంటే వచ్చేనండి. సంగతి చెప్పేలోపే ఇడ్లీలు పెట్టేసేరండి, ఆ తరవాత పీటేసేసేరండి," అన్నాడాయన ఏడుపుమొహంతో.

"సరే. మిమ్మల్ని బ్యాంకే పంపిందని కాగితం చూపించండి. ఎంత కడితే లెక్క తేలిపోతుందో బ్యాంకు చేతే రాయించి తెండి. ఆయన నేరుగా బ్యాంకుకే కడతారు. మళ్ళీ ఇంటికి రాకూడదు."

"ఆయ్, అలాగేనండి. మీ తాంబూలం పుచ్చుకుని ఇంకెలా నిలదీస్తానండీ?"

బ్యాంకు వడ్డీ చాలా మట్టుకు వదులుకుంది. మిగిలింది ప్రసాద్ మూడు విడతల్లో కట్టేశాడు. బాకీ లేదన్న కాగితం మెయిల్లో రాగానే నిఖితకి ఫోన్ చేసి, ఊరికే నవ్వడం మొదలెట్టాడు.

"ఇంకేవైనా అప్పులున్నాయా?" అందామె.

"ఒట్టు, లేవు!"

"అయితే పెళ్ళి శుభలేఖలో పెద్దల పేర్లు చదువుతాను, వినండి. మా నాన్నగారు పట్టుబట్టి మీ తరఫు పెద్దగా గణపతిగారి పేరు కూడా వేయించేరు."