రాశానని చెప్పిన డిస్కు

పరీక్ష యంత్రం కరెంటు తీగ పీకి మళ్ళీ పెట్టేసరికి, భద్రంగా డిస్కుకెక్కిందనుకున్న ఫైలు నిండా సున్నాలు!

చీపురమ్మ టీ కప్పు పక్కన పెట్టేసింది. ఆఫీసులో ఆమెకా పేరు ఊరికే రాలేదు. ఎవరెవరో రాసి వదిలేసిన కోడులో చెత్త ఊడ్చడమే ఏళ్ళ తరబడి ఆమె పని. మనం రాసింది డిస్కుకు చేరేలోగా మెమరీలో కాసేపు ఆగుతుంది. ఆ మజిలీ పేరు పేజ్ క్యాష్. దాన్ని నడపడానికి, ఫైళ్ళను డిస్కులో సర్దే ఈ ఫైల్ సిస్టమ్ సొంత తంటాలేవో పెట్టుకుంది. ప్రతి పేజీనీ రెండేసిసార్లు రాసేది. ఆమె అదంతా కొట్టేసి, కంప్యూటరుకు గుండెకాయలాంటి కెర్నెల్లో అందరూ నడిచే దారికి మళ్ళించింది.

"జనం ఫైళ్ళు పోతే కొంప మునుగుతుందమ్మా. సాయంత్రంలోగా తప్పెక్కడో తేల్చండి. లేదంటే పాత కోడే పెట్టేస్తాం. మీ ఊడ్చడాలూ ఇక చాలు," ఆఫీసు పెద్దాయన తలుపు దగ్గర్నుంచే తేల్చేశాడు.

ఆమె తెరకు కళ్ళప్పగించింది. ఎంత గాలించినా తప్పు దొరకలేదు. పక్క కుర్చీలో తమ్ముడు గోళ్ళు కొరుకుతున్నాడు. డిస్కును నడిపే ప్రోగ్రాం, అదే డ్రైవరు, వాడు రాసిందే. చిన్నప్పుడు వాడు సిరా ఒలకబోస్తే తుడిచిందీ, తిట్లు తిన్నదీ ఆమే. ఇక్కడ చేర్పించిందీ ఆమే.

"ఏమైనా తిన్నావా అక్కా?"

"నువ్వు నా బుర్ర తినకుంటే చాల్రా."

చివరికి అదే కోడును వేరే రకం డిస్కున్న యంత్రంలో పెట్టి తీగ పీకింది. ఫైలు చెక్కుచెదరలేదు. ఆమె తమ్ముడి వైపు తిరిగింది. ఆ యంత్రంలో తమ్ముడి డ్రైవరు లేదు.

"పాత కోడు రెండోసారి రాసేలోగా డిస్కు పని పూర్తయ్యేది. ఆ ఆలస్యంలో నీ తప్పు దాక్కుంది కదరా?"

వాడు మెడలోని గుర్తింపు కార్డు తీసి, చల్లారిన టీ పక్కన పెట్టాడు.

పెద్దాయన లోపలికొచ్చాడు. "ఏం తేలిందమ్మా?"

"తప్పు నా..." అలవాటుగా ఆమె నోరు తెరిచింది. తమ్ముడు దిగ్గున లేచాడు.

"అక్కది కాదు సార్, నాది. అంతా రాసేశావా అని డ్రైవరు డిస్కును అడగాలి. అడక్కుండానే రాసేసిందని చెప్పేలా నేనే మార్చాను, వేగం పరీక్షలో నెగ్గుదామని. పొద్దున ఆ సున్నాలు చూడగానే నాకర్థమైపోయింది. అక్క ఎప్పట్లాగే సర్దేస్తుందిలే అని నోరు మూసుక్కూర్చున్నాను. నేను వెళ్ళిపోతాను సార్. నా కార్డు అదిగో, అక్క టీ కప్పు పక్కనుంది."